తెరపై ఆట – పెట్టెలోని భాగములు

ఒకే వీడియో ఆటను రెండు కంప్యూటర్లపై ఆడి చూచినవారికి ఈ సంగతి అనుభవమే. ఒకదానిపై తెరమీది కారు మలుపు తిరుగునప్పుడు నూనె పూసినట్లు జారిపోవును. రెండవదానిపై అదే కారు, అదే మలుపు. కాని బొమ్మ గెంతుచు పోవును, మీట నొక్కిన తరువాత ఒక క్షణము ఆగి గాని చక్రము తిరుగదు. ఆట మారలేదు, ఆడువాడు మారలేదు. మారినవి పెట్టెలోని యంత్రభాగములు మాత్రమే.

ఇట్టి సందర్భమున విద్యార్థులలో వాదము పుట్టును. "ప్రాసెసరు పాతది" అని ఒకడు, "గ్రాఫిక్స్ కార్డు లేదు" అని మరొకడు, "మెమొరీ చాలదు" అని ఇంకొకడు. అంగడికి పోయినచో అంగడివాడు తన వద్ద నున్నదే కొనుమనును. చదువునకని తలిదండ్రులు కూడబెట్టి కొన్న యంత్రమునకు మరల పదివేలో, ఇరువదివేలో పోసి ఒక భాగమును మార్చినను ఆట వేగము పిసరంతయు పెరుగకపోవచ్చును. తప్పు ఆ భాగముది కాదు. మార్చవలసిన భాగమేదో ముందుగా కొలిచి తెలిసికొనకపోవుటయే తప్పు.

ఈ విషయమును బోధన్ ప్రాంతపు విద్యార్థులు తక్కిన వారికంటె తేలికగా గ్రహింపగలరు. దీనికి తగిన ఉపమానము వారి ఊరి చరిత్రలోనే ఉన్నది.

శక్కర్‌నగర్ నేర్పు పాఠము

మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర్ జలాశయము నిజామాబాదు జిల్లాలో చెరకు సాగునకు ప్రాణము పోసినది. ఆ చెరకును ఆధారము చేసికొని 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. దాని చుట్టు పెరిగిన పేటకు శక్కర్‌నగర్ అను పేరు నిలిచినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారముగా పేరుపొందిన ఈ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015లో మూతపడినది. గానుగ ఆడు కాలమున చెరకు బండ్లు బారులు తీరి నిలిచిన దృశ్యము అక్కడి పెద్దలకు నేటికిని గుర్తే.

చక్కెర తయారగు మార్గము ఒక గొలుసు వంటిది. తూకము వేసిన చెరకును కత్తులు ముక్కలు చేయును. గానుగలు రసము పిండును. పిప్పి బాయిలరులోనికి పోయి ఆవిరిని పుట్టించును. రసమును వేడిచేసి, సున్నము మొదలగు వాటితో తేర్చి, ఇగిర్చెడు పాత్రలలో చిక్కబరతురు. పిదప గాలి తీసిన పెద్ద పాత్రలలో పలుకు కట్టించి, వడిగా తిరుగు జల్లెడ డోలులలో మడ్డిని వేరుచేసి, ఆరబెట్టి, సంచులలో నింపుదురు.

ఇప్పుడు ఒక లెక్క వేసికొందము. ఇవి ఊహించుకొన్న అంకెలు మాత్రమే. గానుగలు గంటకు 100 టన్నుల చెరకును పిండగలవనుకొనుడు. ఇగిర్చెడు పాత్రలు 80 టన్నుల చెరకు రసమునే తీసికొనగలవు. జల్లెడ డోలులకు 120 టన్నుల పని చేయు శక్తి ఉన్నది. అప్పుడు కర్మాగారము గంటకు ఎన్ని టన్నులు నడచును? 80 మాత్రమే. 100 టన్నుల గానుగను తీసివేసి 200 టన్నుల గానుగను నిలిపినను 80 మాత్రమే. రసము తొట్లలో నిలిచిపోవును, బండ్లు బయట నిలిచిపోవును. పాత్రలను 90కి పెంచిననాడు కర్మాగారము 90 నడచును; 110కి పెంచిననాడు 100 వద్ద ఆగును, ఏలనగా ఇరుకు పాత్రలను విడిచి గానుగలకు మారినది.

గొలుసులో ఇరుకైన చోటే మొత్తము వేగమును నిర్ణయించును; ఆ చోటు విశాలమైన వెంటనే ఇరుకు మరియొక చోటికి మారును. కంప్యూటరు ఆటల యంత్రభాగముల చరిత్ర అంతయు ఈ ఇరుకు ఒక భాగమునుండి మరొక భాగమునకు మారుచు వచ్చిన కథయే.

పదునారు మిల్లీసెకన్ల పని

సినిమా వలెనే ఆట కూడ నిలుకడ బొమ్మల వరుస. బొమ్మలు వడిగా మారుటచేత కంటికి కదలిక తోచును. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలును. కాని సినిమాలో బొమ్మలు ముందే సిద్ధముగా ఉండును. ఆటలో అట్లు కాదు. ఆడువాడు మీట నొక్కిన తరువాతనే తరువాతి బొమ్మ ఎట్లుండవలెనో తెలియును. కనుక ప్రతి బొమ్మను అప్పటికప్పుడు గీయవలెను. సెకనుకు 60 బొమ్మలు కావలెనన్నచో ఒక్కొక్కదానికి దొరకు కాలము సుమారు 16.7 మిల్లీసెకన్లు.

ఇంత స్వల్పకాలములో ఏమి జరుగవలెను? ప్రాసెసరు మీటలను గమనించి, కారు ఎక్కడున్నది, దేనిని గుద్దుకొన్నది, ఎదుటి ఆటగాడు ఏమి చేయుచున్నాడు అను లెక్కలు వేయును. ఏ వస్తువును ఎక్కడ గీయవలెనో జాబితా వ్రాసి గ్రాఫిక్స్ ప్రాసెసరునకు అందించును. అది తెరమీది ప్రతి చుక్కకు రంగును లెక్కించును. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల తెరపై 20,73,600 చుక్కలు కలవు. ఈ లెక్కలకు కావలసిన సమాచారమంతయు మెమొరీనుండి రావలెను. మెమొరీలోనికి డిస్కునుండి రావలెను. వీటన్నిటికి సరియైన విద్యుత్తు అందవలెను, పుట్టిన వేడి బయటికి పోవలెను.

ఒక బొమ్మను గ్రాఫిక్స్ ప్రాసెసరు గీయుచుండగా తరువాతి బొమ్మ లెక్కను ప్రాసెసరు మొదలుపెట్టును. ఇది ఎడతెగక నడచు కర్మాగారమే. ప్రాసెసరునకు బొమ్మకు 8 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్ ప్రాసెసరునకు 20 మిల్లీసెకన్లు పట్టుననుకొనుడు. అప్పుడు సెకనుకు 50 బొమ్మలు వచ్చును. రెట్టింపు వేగము గల ప్రాసెసరును కొని 8ని 4 చేసినను 50 బొమ్మలే. గ్రాఫిక్స్ ప్రాసెసరును మార్చి 20ని 10 చేసినచో 100 బొమ్మలు. దానిని ఇంకను మెరుగుపరచి 5 చేసినచో 200 వచ్చునా? రాదు, ఈసారి 8 మిల్లీసెకన్ల ప్రాసెసరు అడ్డుపడి 125 వద్ద ఆగును.

తొలినాళ్లు: లెక్కకు శక్తి చాలని కాలము

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమును చూడవచ్చిన ప్రజలకొరకు విలియం హిగిన్‌బాతమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక టెన్నిసు ఆటను ఏర్పాటు చేసెను. ఒక అనలాగ్ కంప్యూటరు, ఆసిల్లోస్కోపుపై వెలుగుచుక్కగా కదలు ఒక బంతి – ఇంతే దాని సరంజామా.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 అను కంప్యూటరుపై 'స్పేస్‌వార్' అను ఆటను పూర్తిచేసిరి. తెర నడుమ ఒక నక్షత్రము. దాని ఆకర్షణకు లోబడి తిరుగు రెండు నౌకలు. ఆ యంత్రము సెకనుకు సుమారు లక్ష కూడికలు చేయగలిగెను. నౌకలపై గురుత్వాకర్షణను లెక్కించుటకే ఆ శక్తి సరిపోయెను. అందుచేత నౌకలు విసరు ఆయుధములకు గురుత్వాకర్షణ లేదని నిర్ణయించి, వాటిని సూటిగా పోనిచ్చిరి. న్యూటను నియమము ఆ ఆటలో కొన్ని వస్తువులకే వర్తించుటకు కారణము యంత్రములోని ఇరుకే!

ఆ దశకములో మన దేశమునను కంప్యూటర్ల నిర్మాణము సాగుచుండెను. డాక్టర్ ఎ. ఎస్. రావు నాయకత్వమున 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. ట్రాంబే అణుశక్తి కేంద్రపు కృషితో 1969లో వెలువడిన టీడీసీ-12 అను కంప్యూటరుతో ఆ సంస్థ పేరు ముడిపడి ఉన్నది. అవి పరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించిన యంత్రములు, ఆటలకు కాదు. కాని తక్కువ శక్తిని ఎక్కడ వెచ్చింపవలెను అను ప్రశ్న అక్కడి ఇంజనీరులకును ఒక్కటే.

1977లో వచ్చిన అటారీ వీడియో ఆట పెట్టెలో మెమొరీ 128 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినను నాలుగు వరుసల ఉత్తరము అందులో పట్టదు. తెరమీది బొమ్మను దాచుకొనుటకు చోటే లేదు. కనుక టెలివిజను కిరణము ఒక గీతను గీయుచుండగా దానికి ముందుగా పరుగెత్తి ఆ గీతకు కావలసిన రంగులను ప్రోగ్రాము అందింపవలసి వచ్చెను. ఇక్కడ ఇరుకు మెమొరీ.

అన్నిటికంటె వింతైన ఉదాహరణము 1978లో జపానునుండి వచ్చినది. తోమోహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటను రూపొందించెను. అందులో వరుసలు కట్టి దిగివచ్చు శత్రువులను కాల్చవలెను. ప్రాసెసరు ఇంటెల్ 8080. అన్ని శత్రువులను ఒకేసారి కదల్చు శక్తి దానికి లేదు. ఒక్కొక్కటిగా కదల్చుచు పోవును. శత్రువులు చచ్చినకొలది కదల్చవలసినవి తగ్గి, మిగిలినవి వడిగా కదలసాగెను. ఆట చివరికి వచ్చుసరికి గుండె దడదడలాడును. నిషికాడో ఈ లక్షణమును సరిదిద్దక అట్లే ఉంచెను. నేడు "ఆట క్రమముగా కఠినము కావలెను" అను నియమమునకు పేరుపడిన ఈ ఉదాహరణము ఒక ప్రాసెసరు బలహీనతనుండి పుట్టినది.

1983లో జపానులో విడుదలైన నింటెండో 'ఫామికామ్' పెట్టెలో బొమ్మలు గీయుటకు ప్రత్యేకమైన చిప్పు ఉండెను. అయినను అది తెరపై ఒక గీతలో ఎనిమిదికి మించి కదలు బొమ్మలను చూపలేదు. తొమ్మిదవది వచ్చినచో ఏదో ఒకటి మాయమగును. 1990 దశకమున మన పట్టణములలో పిల్లలు టీవీకి తగిలించి ఆడుకొన్న చౌక పెట్టెలలో పెక్కు దీని నకళ్లే. శత్రువులు గుమికూడినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనుట నాటి పిల్లలకు తెలిసినదే. పెట్టె పాడైనదని వారు అనుకొనియుందురు. అది ఆ చిప్పు స్వభావము.

దారి ఇరుకైన కాలము

1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఇంటెల్ 8088 ప్రాసెసరు సెకనుకు 47.7 లక్షల తాళములతో నడచెను. లోపల అది 16 బిట్ల చొప్పున లెక్కించును. కాని బయటినుండి సమాచారమును 8 బిట్ల చొప్పుననే తెచ్చుకొనును. లోపల నాలుగు బండ్లు పట్టు అంగణము, వెలుపల రెండు బండ్లు పట్టు గవిని వంటిది ఇది.

ఆ కాలపు ఆటలలో కొన్ని ప్రాసెసరు తాళమునే గడియారముగా వాడుకొనెను. వేగము గల కొత్త యంత్రముపై పెట్టగానే బొమ్మలు పిచ్చిపట్టినట్లు పరుగెత్తెడివి. అందుకే చాల కంప్యూటర్లకు యంత్రమును కావలెనని మందగింపజేయు మీట నొకదానిని పెట్టిరి. దాని పేరు 'టర్బో' మీట! వేగము పెరుగుట ఎల్లప్పుడు మేలు కాదని ఈ మీట తెలుపుచున్నది.

1993 డిసెంబరులో 'డూమ్' అను ఆట వచ్చెను. 320 నిలువు వరుసలు, 200 అడ్డు వరుసలు, చుక్కకు ఒక బైటు – బొమ్మకు 64,000 బైట్లు. ఆ ఆట గరిష్ఠముగా సెకనుకు 35 బొమ్మలు చూపును. అనగా సెకనుకు 22,40,000 బైట్లు ప్రాసెసరునుండి తెర చిప్పుకు పోవలెను. నాటి కంప్యూటర్లలో చాలవాటియందు ఆ దారి 16 బిట్ల వెడల్పు, సుమారు 80 లక్షల తాళముల వేగము గలది. ప్రాసెసరు చురుకైనదైనను దారి పాతదైనచో ఆట కుంటెడిది. 1992లో ప్రకటింపబడిన పీసీఐ అను కొత్త దారి 32 బిట్ల వెడల్పుతో 3.3 కోట్ల తాళముల వేగమున నడచెను. దానితో ఆ ఇరుకు తొలగినది.

తొలగగానే మరియొకటి బయటపడినది. 1996లో వచ్చిన 'క్వేక్' ఆట నిజమైన మూడు కొలతల లోకమును చూపినది. దానికి దశాంశ సంఖ్యల లెక్కలు విశేషముగా కావలెను. సైరిక్స్ అను సంస్థ తన 133 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరును 166 మెగాహెర్ట్‌జ్ పెంటియమునకు సమానమని అమ్మెను. సామాన్యమైన కార్యాలయపు పనులలో ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని దశాంశ లెక్కలు చేయు భాగము పెంటియములో బలమైనది, సైరిక్సులో బలహీనమైనది. క్వేక్ ఆడగానే ఆ భేదము తేటతెల్లమైనది. ప్రాసెసరు వేగమును ఒక్క అంకెతో చెప్పరాదని ఆటగాండ్లు నేర్చుకొన్న పాఠమిది.

బొమ్మలకు వేరొక మెదడు

అదే 1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ 'వూడూ' అను కార్డును తెచ్చెను. దానికి 4 మెగాబైట్ల మెమొరీ. చుక్కలకు రంగులద్దు పనిని ప్రాసెసరునుండి అది తన మీద వేసికొన్నది. 1999లో ఎన్‌విడియా 'జీఫోర్స్ 256' వస్తువులను తిప్పుట, వెలుతురు లెక్కించుట కూడ తానే చేయసాగెను. 'గ్రాఫిక్స్ ప్రాసెసరు' అను మాట జనులలో వ్యాపించినది అప్పుడే.

దీని బలము ఎక్కడున్నది? ప్రాసెసరు కొద్దిమంది గొప్ప పండితుల వంటిది. ఎట్టి చిక్కు లెక్కనైనను చేయును. గ్రాఫిక్స్ ప్రాసెసరు ఎక్కము మాత్రమే వచ్చిన వేలమంది బాలుర వంటిది. ఇరువది లక్షల చుక్కలకు ఒకే రకపు చిన్న లెక్క వేయవలసి వచ్చినప్పుడు వేలమంది బాలురే గెలుతురు. ఈ గుణముచేతనే 2012లో బొమ్మలను గుర్తుపట్టు 'అలెక్స్‌నెట్' అను కృత్రిమ మేధను రెండు ఆట కార్డులపై తీర్చిదిద్దిరి. ఆటకని పుట్టిన యంత్రము విజ్ఞానశాస్త్రమునకు పనిముట్టైనది.

ఈ రంగమున తెలుగువారి చేయి కూడ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, ఖరగ్‌పూర్ ఐఐటీలోను చదివిన రాజా కోడూరి 2001లో ఏటీఐ అను గ్రాఫిక్స్ సంస్థలో చేరెను. ఆ సంస్థను 2006లో ఎ.ఎం.డి. కొన్నది. నడుమ కొంతకాలము ఆపిల్ సంస్థలో పనిచేసి 2013లో తిరిగివచ్చి, 2015లో ఎ.ఎం.డి. గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతి అయ్యెను. 2017నుండి 2023 వరకు ఇంటెల్ సంస్థ గ్రాఫిక్స్ కృషిని నడిపెను. ఎ.ఎం.డి., ఎన్‌విడియా రెండింటికిని హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రములు కలవు.

లెక్కలు వేయు బాలురు వేలమంది అయిన తరువాత వారికి పలకలు, బలపములు అందించుట కష్టమైనది. అనగా ఇరుకు మెమొరీ దారికి మారినది. 2015లో ఎ.ఎం.డి. విడుదల చేసిన 'ఫ్యూరీ ఎక్స్' కార్డులో మెమొరీ చిప్పులను అంతస్తులుగా పేర్చి ప్రాసెసరు ప్రక్కనే నిలిపిరి. దారి వెడల్పు 4096 బిట్లు. సెకనుకు 512 గిగాబైట్లు సాగును. అయితే మొత్తము మెమొరీ 4 గిగాబైట్లే. పెద్ద ఆటలకు ఆ పరిమాణమే కొత్త ఇరుకైనది. దారి వెడల్పు వేరు, గాదె పరిమాణము వేరు.

మన ఇండ్లలోని చౌక కంప్యూటర్లకు ఈ విషయము మిక్కిలి ముఖ్యము. వాటిలో గ్రాఫిక్స్ ప్రాసెసరు వేరుగా ఉండక ప్రాసెసరులోనే ఇమిడి, సామాన్య మెమొరీనే పంచుకొనును. డీడీఆర్4-3200 రకపు మెమొరీ పలక ఒక్కటే ఉన్నచో సెకనుకు 25.6 గిగాబైట్లు మించవు. అదే 8 గిగాబైట్లను రెండు 4 గిగాబైట్ల పలకలుగా, రెండు వేర్వేరు దారులలో పెట్టినచో 51.2 వరకు పోవచ్చును. పరిమాణము మారలేదు, దారులు రెండైనవి. ఇట్టి యంత్రముపై ఆట వేగము గణనీయముగా పెరుగుటకు ఇది చాలును.

కోర్లు, డిస్కు, వేడి

2004 ప్రాంతమునకు ప్రాసెసర్ల తాళవేగమును ఇక పెంచుట దుర్ఘటమైనది, వేడి భరింపరానిదైనది. 2005నుండి ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లు, అనగా రెండు కోర్లు, ఇంటి కంప్యూటర్లలో కానవచ్చెను. కోర్లు రెట్టింపైనచో ఆట రెట్టింపు వేగమున నడచునా? 1967లోనే జీన్ ఆమ్డాల్ దీనికి సమాధానము చూపెను. ప్రాసెసరు పని 20 మిల్లీసెకన్లనుకొందము. అందులో 8 ఒకదాని వెనుక ఒకటిగా చేయక తప్పని పని. 12 పంచుకొనదగిన పని. రెండు కోర్లతో 8+6=14; నాలుగింటితో 8+3=11; పండ్రెండింటితో 8+1=9. వేయి కోర్లు పెట్టినను 8కి తగ్గదు. పలువురు కలిసి వంట త్వరగా చేయవచ్చును గాని, అన్నము ఉడుకు కాలమును పంచుకొనలేరు.

డిస్కు సంగతి చూడుడు. నిముషమునకు 7200 చుట్లు తిరుగు హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగును. కావలసిన సమాచారము ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సుమారు 4.2 మిల్లీసెకన్లు ఆగవలెను. ముల్లు కదలు కాలము దీనికి అదనము. 16.7 మిల్లీసెకన్ల బొమ్మలో ఇది చిన్న భాగము కాదు. పరుగెత్తు ఆటగాని ఎదుట కొత్త వీథి తెరచుకొను సమయమున ఆట తటాలున ఆగుటకు ఇది ఒక ముఖ్య కారణము. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో తిరుగు డిస్కునకు మారుగా సెకనుకు 5.5 గిగాబైట్లు చదువు చిప్పుల డిస్కు అమర్చిరి. అయితే ఇట్టి డిస్కు ఆట తెరచుకొను కాలమును తగ్గించునే గాని, గ్రాఫిక్స్ ప్రాసెసరు 20 మిల్లీసెకన్లలో గీయు బొమ్మను 10లో గీయింపజాలదు.

వేడి మరియొక ఇరుకు. నిజామాబాదు వేసవిలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. చిప్పులోని వేడి గాలిలోనికి పోవుట ఆ రెంటి ఉష్ణోగ్రతల భేదమును బట్టి ఉండును. చలికాలమున 20 డిగ్రీల గదిలో చక్కగా నడచిన యంత్రము వేసవి మధ్యాహ్నము తన్ను తాను కాపాడుకొనుటకు తాళవేగమును తగ్గించుకొనును. పంకా లేని సెల్‌ఫోనులో ఇది మరింత స్పష్టము: పది నిముషములు బాగుగా నడచిన ఆట పిదప మందగించును. ఇట్టి చోట కొత్త భాగము కొనుటకంటె పంకాలోని దుమ్ము దులుపుట మేలు.

పెట్టె వెలుపలి ఇరుకు కూడ ఒకటి కలదు. పలువురు కలిసి ఆడు ఆట సర్వరు సింగపూరులో ఉన్నదనుకొనుడు. హైదరాబాదునుండి అది సుమారు 3,300 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. పోయి వచ్చుటకు కనీసము 33 మిల్లీసెకన్లు. ఎంత విలువైన గ్రాఫిక్స్ కార్డును కొన్నను ఈ కాలము ఒక్క మిల్లీసెకను తగ్గదు.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు పాఠశాల కంప్యూటరుపై ఖర్చు లేకుండ కొన్ని పరీక్షలు చేయింపవచ్చును. సెకనుకు ఎన్ని బొమ్మలు వచ్చుచున్నవో చూపు సౌకర్యము చాల ఆటలలో ఉండును. దానిని వ్రాసికొని, తెర చుక్కల సంఖ్యను తగ్గించి మరల ఆడుడు. బొమ్మల సంఖ్య బాగుగ పెరిగినచో ఇరుకు గ్రాఫిక్స్ ప్రాసెసరు వైపున ఉన్నది. పెరుగనిచో అది ప్రాసెసరు వైపున ఉండుటకు అవకాశము ఎక్కువ. ఏలనగా చుక్కలు తగ్గినను కారు, గోడ, ఎదుటి ఆటగాడు తగ్గలేదు. వాటి లెక్క అట్లే ఉన్నది. అయితే కొన్ని ఆటలు బొమ్మల సంఖ్యను 30 వద్దనో, 60 వద్దనో తామే కట్టివేయును. పరీక్షకు ముందు ఆ కట్టును తీయవలెను.

ఆట ఆరంభమున ఒకసారి, అరగంట తరువాత మరల ఒకసారి ఒకే చోట కొలువుడు. రెండవసారి తగ్గినచో వేడిని అనుమానింపుడు. కొత్త చోటికి పోయినప్పుడు మాత్రమే ఆగుచున్నచో డిస్కును, మెమొరీ పరిమాణమును చూడుడు.

సగటును మాత్రము గుడ్డిగా నమ్మరాదు. ఒక సెకనులో 50 బొమ్మలు వచ్చినవి. వాటిలో 49 బొమ్మలు తలకు 16 మిల్లీసెకన్ల చొప్పున 784 తీసికొనగా, ఒక్కటి మిగిలిన 216 మిల్లీసెకన్లు తీసికొన్నది. సగటు బొమ్మకు 20 మిల్లీసెకన్లే, చూచుటకు అందమైన అంకెయే. కాని ఆడువానికి గుర్తుండునది ఆ ఒక్క కుదుపే. కనుక సగటుతో పాటు మిక్కిలి ఆలస్యమైన బొమ్మ కాలమును కూడ వ్రాసికొనవలెను.

ఈ కొలతల పట్టికను గోడపై అంటించి, "ఏ భాగమును మార్చవలెను? ఏ భాగమును మార్చిన డబ్బు దండుగ?" అని విద్యార్థులచే చెప్పింపవచ్చును. అప్పుడు మొదటి వాదము వాదముగా మిగులదు, లెక్కగా మారును.

గానుగ పెద్దదైనంత మాత్రమున చక్కెర పెరుగదని శక్కర్‌నగర్ పనివారికి పుస్తకము చదువకయే తెలియును. రసము ఎక్కడ నిలిచినదో పోయి చూచిన తరువాతనే వారు మరమ్మతుకు పూనుకొనెడివారు. కంప్యూటరు పెట్టెలో రసము కంటికి కానరాదు గాని, 1962నాటి స్పేస్‌వార్ మొదలు నేటి వరకు దానికి వర్తించు నియమమును అదియే. డబ్బు తీయుటకు ముందు కొలుచుట ఎట్లో బోధన్ విద్యార్థి నేర్చినచో, ఆటవలన కలిగిన ఆ అలవాటు వాని ఇంటికిని, రేపు వాడు నడుపబోవు యంత్రములకును ఉపకరించును.